ఒకే నేల – రెండు భాషలు

సర్వీసు రోజుల్లో కోస్తా నుంచి తెలంగాణకు బదిలీ మీద వచ్చిన రెవెన్యూ మిత్రులకు మొదట ఒక చిక్కు ఎదురయ్యేది. అక్కడి అడంగల్ ఇక్కడ పహాణీ. అక్కడ ఎకరానికి 100 సెంట్లు, ఇక్కడ 40 గుంటలు.

దీని వెనుక చరిత్ర ఉంది. కోస్తా, రాయలసీమల్లో భూముల సర్వే మద్రాసు పద్ధతిలో జరిగింది. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ సంస్కరణల తర్వాత బొంబాయి పద్ధతి వచ్చింది. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలు ఒకే రాష్ట్రమయ్యాయి గాని, రికార్డుల భాష ఒకటి కాలేదు.

కాగితాల కాలంలో పెద్ద ప్రమాదం ఉండేది కాదు. చదివేవాడికి ఊరి లెక్క తెలుసు. 1988-89లో కేంద్రం భూరికార్డుల కంప్యూటరీకరణ పథకం మొదలుపెట్టాక సంగతి మారింది. యంత్రానికి అంకె తెలుసు, దాని అర్థం మనం చెప్పాలి.

ఉదాహరణ చూడండి. పహాణీలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దాన్నే సెంట్ల లెక్కలో చదివితే రెండెకరాల ఇరవై సెంట్లు. తేడా 30 సెంట్లు, అనగా 1,452 చదరపు గజాలు. ఎవరూ ఆక్రమించకుండానే ఒక కుటుంబం అంత నేల పోగొట్టుకున్నట్టే!

మాటలతోనూ ఇదే తంటా. రెవెన్యూ వారి అడవి చట్టం ప్రకారం నమోదైన భూమి. 1981లో ఏర్పడిన భారత అటవీ సర్వే సంస్థ లెక్కలో హెక్టారు దాటిన చోట చెట్ల నీడ పది శాతం మించితే అది అటవీ విస్తీర్ణమే, మామిడి తోటైనా సరే. రెండు పటాలను ఒకదానిపై ఒకటి పరిస్తే రైతు తోట అడవిలో తేలుతుంది.

కాలం తెచ్చే చిక్కు వేరు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాలు మారాయి. పాత జనాభా లెక్కను కొత్త జిల్లాతో పోల్చేముందు ఏ హద్దుల లెక్కో చూడాలి.

పటాలను, పట్టికలను అర్థం చెడకుండా కలపడం నేడు కంప్యూటరు నిపుణులకు పెద్ద శాస్త్రం. దాని మూలసూత్రం మనవాళ్లకు కొత్త కాదు: అంకె పక్కన కొలమానం, మాట పక్కన నిర్వచనం, రికార్డు పక్కన సంవత్సరం ఉండాలి.

మిత్రులారా! ఇంట్లో పాత పాసుపుస్తకాలు, పహాణీ నకళ్లు ఉంటే పారవేయకండి. వాటిలో ఏది గుంటో, ఏది సెంటో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. చదవడం తెలిసిన మనం ఉండగానే ఆ పని జరగాలి.