డొంక దారులు, ఊరి గస్తీ: ఉమ్మడి దారుల రక్షణ చరిత్ర

విజయవాడ, నూజివీడుల మధ్య ఉన్న ఆగిరిపల్లి పేరు వినగానే చాలామందికి కొండమీది శోభనాచల వ్యాఘ్ర లక్ష్మీనరసింహస్వామి ఆలయమో, వేసవిలో రసాలు, బంగినపల్లి కాయలతో నిండే తోటలో గుర్తుకు వస్తాయి. చరిత్ర విద్యార్థి చూడవలసినది ఇంకొకటి ఉంది. తోటలో కోసిన కాయ నూజివీడుకో, నున్న మార్కెట్టుకో చేరాలంటే తారురోడ్డు ఎక్కేదాకా మట్టిదారి మీదనే నడవాలి. ఒకప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు ట్రాక్టరు, ఆటో నడిచే ఈ దారినే మన జిల్లాల్లో డొంక అంటారు. ఇది ఏ ఒక్కరి పట్టాలోనూ ఉండదు. అందరిదీ కాబట్టే అంచులు కరిగిపోతుంటాయి. ఈ ఏడు గట్టు ఒక అడుగు జరుగుతుంది, పై ఏడు కంచె పడుతుంది, ఆ తరువాత లోపలి తోటకు బండి పోదు. కోతకు వచ్చిన కాయ ఎవరికోసమూ ఆగదు కనుక, దారి మూసుకుపోతే లోపలి రైతు అడిగిన ధరకు అమ్ముకోవలసిందే. ఇలాంటి దారిని కాపాడే పని చరిత్రలో ఎవరిది? ఊరివారే గస్తీగా ఏర్పడి కాపాడుకున్న సందర్భాలు ఉన్నాయా? ఈ భాగంలో పరిశీలించే ప్రశ్నలు ఇవే.

పాత గ్రామ వ్యవస్థలో కాపలా స్వచ్ఛంద సేవ కాదు, జీతం ఉన్న వృత్తి. 1812లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం సమర్పించిన ప్రసిద్ధమైన ఐదవ నివేదిక గ్రామ సేవకులను వరుసగా పేర్కొంటుంది. అందులో తలారి నేరాల ఆచూకీ తీసేవాడు, ఒక ఊరినుంచి మరో ఊరికి వెళ్ళే బాటసారులకు తోడుగా నడిచేవాడు. తోటి పైరు కాపలా చూసేవాడు. పొలిమేర హద్దులు గుర్తుంచుకొని, తగాదా వచ్చినప్పుడు సాక్ష్యం చెప్పడానికి వేరే మనిషి ఉండేవాడు. వీరికి కళ్ళంలో ధాన్యపు మేర, కొందరికి ఇనాం భూమి ముట్టేవి. ఈ ఏర్పాటును స్వర్ణయుగంగా ఊహించుకోనక్కరలేదు. ఈ కొలువులు ఎక్కువగా నిమ్నకులాలవారి నెత్తిన పడ్డాయి, వెట్టి అన్న మాటకు ఆ అర్థం ఊరికే రాలేదు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసి, దానికి జవాబు చెప్పవలసిన మనిషి ఊళ్ళో ఒకడు ఉండేవాడు.

నూజివీడు ప్రాంతం మేకా అప్పారావు వంశీయుల జమీందారీ. శాశ్వత శిస్తు నిర్ణయం తరువాత పన్ను వసూలు జమీందారుల చేతిలో స్థిరపడింది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం చెరువు గర్భాలు, కళ్ళాలు, పశువుల మందబయళ్ళు వంటి ఊరుమ్మడి భూములను రైతువారీ సాగుభూమి లెక్కనుంచి వేరు చేసింది. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, అడవులు సహా ఎస్టేటు మొత్తం ప్రభుత్వానికి సంక్రమించింది. జమీందారీ పీడ వదలడం నిస్సందేహంగా పెద్ద మేలు. కాని డొంకకు సంబంధించినంతవరకు యజమాని తాలూకా కచేరీకి మారాడు, ఊరికి మిగిలింది వాడకం. తరువాతి పంచాయతీ చట్టాలు, అంటే 1964, 1994 నాటివి, బండిదారి పోరంబోకులను గ్రామ పంచాయతీకి అప్పగించాయి. ఈలోగా 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. వారి పెత్తనంతో పాటు, ఏ సర్వే రాయి ఎవరి గట్టు కింద పూడిపోయిందో చెప్పగల జ్ఞాపకం కూడా పోయిందని నా అభిప్రాయం.

స్వచ్ఛంద దళం అనే ఊహ మనకు వేరే తోవన వచ్చింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాలలో నడిపిన రామదండు ఇందుకు తొలి గొప్ప ఉదాహరణ. కాషాయ దుస్తులు, రుద్రాక్షలు ధరించిన ఆ వాలంటీర్లు 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశంలో జనాన్ని అదుపు చేశారు. చీరాల, పేరాలలను పురపాలక సంఘంగా మార్చడాన్ని నిరసిస్తూ పదమూడు వేలకు పైగా జనం ఇళ్ళు వదిలి రామనగర్ పాకలకు తరలినప్పుడు క్రమశిక్షణకు వెన్నెముకగా నిలిచారు. అదే కాలంలో పల్నాడులో అడవి మీద హక్కు కోసం పోరాటం సాగింది. పశువులను మేపుకున్నందుకు కట్టవలసిన పుల్లరిని రైతులు నిరాకరించారు, అధికారులను సాంఘికంగా బహిష్కరించారు. 1922 ఫిబ్రవరి 22న కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ఊరివాళ్ళను అడవిలో దొంగలుగా చూసింది. ఆ చూపు మారడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది.

మార్పు పశ్చిమ బెంగాల్‌లో మొదలైంది. 1972లో మిడ్నపూర్ జిల్లా అరాబరీలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 గ్రామాల ప్రజలకు సాల్ అడవిని కాపాడే పని అప్పగించి, రాబడిలో వాటా ఇస్తామని చెప్పారు. 1988 జాతీయ అటవీ విధానం, 1990 జూన్ 1న కేంద్రం పంపిన లేఖ ఈ పద్ధతిని దేశానికి పరిచయం చేశాయి. ఆంధ్రప్రదేశ్ 1992లో వన సంరక్షణ సమితులకు ఉత్తర్వులిచ్చింది. ప్రపంచ బ్యాంకు సాయంతో నడిచిన పథకాల కాలంలో వాటి సంఖ్య వేలకు చేరింది.

సమితి గస్తీ ఎలా సాగేదో కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే డొంకకు పనికివచ్చే పాఠం అక్కడే ఉంది. ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకొని అడవి చుట్టేవారు. అన్ని తోవలూ తిరగనక్కరలేదు. బండి బయటికి వచ్చే దారులు నాలుగే ఉంటే ఆ నాలుగింటి మొదట్లో కూర్చుంటే చాలు. దొరికిన గొడ్డలి తీసుకొని, తీర్మానం ప్రకారం జరిమానా వేసేవారు, పెద్ద తగాదాను అటవీ శాఖకు అప్పగించేవారు. చిక్కులూ ఉన్నాయి. తమ అడవిని కాపాడిన ఊరు పక్క ఊరి అడవిలో కట్టెలు కొట్టుకునేది. గస్తీ పేరుతో కట్టెలమోపు ఆడవాళ్ళనే ఆపడం సులువు, లారీ వెనుక ఉన్నవాడిని ఆపడం కష్టం. వంతు మనిషికి పథకం నిధుల నుంచి కూలి ఇచ్చిన చోట, నిధులు ఆగిన వెంటనే వంతు కూడా ఆగింది. రాబడి మీద నిజమైన హక్కు ఉన్న చోట కొంత నిలిచింది. 2006 అటవీ హక్కుల చట్టం ఊరుమ్మడి అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు హక్కుగానే ఇచ్చింది. అంతకుముందు ఉన్నది శాఖ దయతో ఇచ్చిన పని మాత్రమే.

విదేశాల్లో ఇదే సమస్య తలకిందులుగా కనిపిస్తుంది. అమెరికాలో ప్రభుత్వ భూముల్లో మోటారు సైకిళ్ళు, జీపులు రోడ్డు వదిలి తిరగడం పెరిగినందున 1972 ఫిబ్రవరి 8న అధ్యక్షుడు నిక్సన్ 11644వ నంబరు ఉత్తర్వు జారీ చేశారు. బండ్లు ఎక్కడ తిరగవచ్చో, ఎక్కడ కూడదో శాఖలు నిర్ణయించి ప్రకటించాలన్నది దాని సారం. హద్దు దాటితే దారి మొత్తం మూతపడుతుందన్న భయంతో బండి నడిపేవారే గస్తీ బృందాలుగా ఏర్పడ్డారు. అదే ఏడాది జాతీయ అడవుల్లో వాలంటీర్ల సేవను స్వీకరించడానికి చట్టం కూడా వచ్చింది. వాలంటీరుకు అరెస్టు చేసే అధికారం లేదు. చూస్తాడు, చెబుతాడు, రాసుకొని శాఖకు అందజేస్తాడు. అక్కడ వినోదం కోసం తిరిగే బండి నుంచి నేలను కాపాడాలి, ఇక్కడ బతుకు కోసం నడిచే బండికి నేలను మిగల్చాలి. పోలిక ఇంతవరకే పనిచేస్తుంది. అయినా అధికారం లేని గస్తీకి రాతే ఆయుధమన్న సంగతి ఆగిరిపల్లి డొంకకూ వర్తిస్తుంది.

డొంకల మీద గస్తీ నిలబడాలంటే ముందు కాగితం కావాలి. గ్రామ పటంలో డొంకకు సర్వే నంబరు ఉంటుంది, క్షేత్రమాపన పుస్తకంలో దాని వెడల్పు కొలత ఉంటుంది, అడంగల్‌లో పోరంబోకు అన్న నమోదు ఉంటుంది. మీ ఊరి డొంకను ఎంచుకొని ఈ మూడింటినీ దగ్గర పెట్టుకొని, కోతలు మొదలవకముందే టేపుతో కొలిచి చూడండి. పటంలోని వెడల్పుకూ నేలమీది వెడల్పుకూ మధ్య తేడాను, ఏ రాయి దగ్గర అది మొదలైందో రాసుకోండి. ఊళ్ళో డెబ్బై దాటిన రైతు ఎవరైనా ఉంటే ఆ రాయి దగ్గరకు తీసుకువెళ్ళి, బండి రోజుల్లో ఎదురెదురుగా రెండు బండ్లు తప్పుకున్న చోటు ఎక్కడో అడగండి.