పిల్లల సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్లు: ఎలా నడుస్తాయి? ఫిర్యాదు వస్తే ఎవరు తేల్చాలి?

అమెరికాలో ఎండాకాలం వచ్చిందంటే శని, ఆదివారాలు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టోర్నమెంట్లతో నిండిపోతాయి. ఒక్కో టోర్నీకి పదుల సంఖ్యలో, పెద్దవాటికి వందల్లో జట్లు వస్తాయి. డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉంటున్న మన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ ఆటలోకి వస్తున్నారు. ఫీజులు, హోటల్, పెట్రోలు, బ్యాటు, అన్నీ కలిపితే తల్లిదండ్రుల జేబుకి బాగానే చిల్లు పడుతుంది. అంత ఖర్చు పెట్టి వెళ్ళాక ఆట సగంలో ఆగిపోయినా, అంపైర్ తప్పు చెప్పినా, అవతలి జట్టులో వయసు దాటిన అమ్మాయి ఉందని తెలిసినా ఊరుకోవడం కష్టం. అప్పుడు ఎవరిని అడగాలి? అడిగితే ఏం జరుగుతుంది?

ఈ వ్యాసం ఆ విషయం గురించే. ఒక్క మాట ముందే చెప్పుకుందాం. టోర్నీలో వచ్చే గొడవల్లో చాలా వాటికి జవాబు ఆట మొదలవకముందే రాసి ఉండాలి. రాసి లేకపోతే గొంతు పెద్దది ఉన్నవాడిదే న్యాయం అవుతుంది.

ఆట గురించి క్లుప్తంగా

సాఫ్ట్‌బాల్ 1887లో చికాగోలో, ఒక క్లబ్బు హాల్లో పుట్టింది. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకునే బేస్‌బాల్‌గా మొదలైంది. ఇప్పుడు అమెరికాలో ఆడపిల్లలకి ఇది పెద్ద ఆట. కాలేజీ స్కాలర్‌షిప్పులు కూడా ఉండటంతో తల్లిదండ్రుల ఆశలు దీని చుట్టూ గట్టిగానే అల్లుకున్నాయి. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మళ్ళీ ఉంటుంది. మ్యాచ్‌లు మాత్రం ఓక్లహామా సిటీలో జరుగుతాయి.

పిల్లల్ని వయసుని బట్టి 10 ఏళ్ళలోపు, 12, 14, 16, 18 ఏళ్ళలోపు అని విభాగాలు చేస్తారు. బేస్‌ల మధ్య దూరం 60 అడుగులు. పిచర్ బంతి వేసే దూరం 10 ఏళ్ళలోపు వాళ్ళకి 35 అడుగులు, 12 ఏళ్ళలోపు వాళ్ళకి 40, ఆపైన 43. చిన్నపిల్లలకి 11 అంగుళాల చుట్టుకొలత బంతి, 12 ఏళ్ళ విభాగం నుంచి 12 అంగుళాల బంతి. ఇవన్నీ భద్రత కోసం పెట్టిన కొలతలు. అందుకే వయసు దాటిన అమ్మాయి చిన్న విభాగంలో ఆడితే ఎవరికో దెబ్బ తగిలే ప్రమాదం కూడా ఉంది.

ఎవరు నడుపుతారు?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. అమెరికాలో సాఫ్ట్‌బాల్ అంతా ఒకే సంస్థ చేతిలో లేదు. జాతీయ జట్టుని చూసేది యూఎస్ఏ సాఫ్ట్‌బాల్. 1933లో పుట్టిన ఈ సంస్థ 2017 దాకా అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ పేరుతో ఉండేది. ఇదికాక యూ ట్రిపుల్ ఎస్ ఏ, ప్రీమియర్ గర్ల్స్ ఫాస్ట్‌పిచ్ లాంటివి ఉన్నాయి. లిటిల్ లీగ్ 1974 నుంచి ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ నడుపుతోంది. ఒక్కోదానికి ఒక్కో రూల్ బుక్, వయసు లెక్కపెట్టే తేదీ, బ్యాట్ల ముద్ర ఉంటాయి.

పైగా వారాంతం టోర్నీని నడిపేది చాలాసార్లు ఈ సంస్థ కాదు. వాళ్ళ అనుమతి తీసుకున్న ఒక స్థానిక క్లబ్బో, ప్రైవేటు నిర్వాహకుడో నడుపుతాడు. మైదానం నగర పార్కుల శాఖది, అంపైర్లు వేరే సంఘం నుంచి వస్తారు. కాబట్టి ఫిర్యాదు రాసేముందు అది ఎవరి పరిధిలోకి వస్తుందో చూసుకోవాలి. టాయిలెట్లు బాగాలేవని రూల్స్ కమిటీకి రాస్తే జవాబు రాదు.

షెడ్యూల్: అసలు చిక్కు ఇక్కడే

టోర్నీ మంచి చెడ్డా సగం లెక్కల్లోనే తేలిపోతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. 64 జట్లు వచ్చాయి అనుకోండి. నలుగురేసి చొప్పున 16 పూల్స్ చేశారు. నాలుగు జట్లు ఒకరితో ఒకరు ఆడితే 6 మ్యాచ్‌లు. 16 పూల్స్‌కి 96. తర్వాత పై 32 జట్లకి ఒక నాకౌట్, కింది 32 జట్లకి ఇంకో నాకౌట్. నాకౌట్‌లో ఎన్ని జట్లుంటే దానికన్నా ఒకటి తక్కువ మ్యాచ్‌లు. అంటే 31, 31. మొత్తం 158.

ఒక్కో మ్యాచ్‌కి 75 నిమిషాలు, మధ్యలో 15 నిమిషాలు పెడితే గంటన్నర. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఒక మైదానంలో 8 మ్యాచ్‌లు. 10 మైదానాలుంటే రోజుకి 80, రెండు రోజులకి 160. కావలసింది 158. కాగితం మీద సరిపోయింది కదా!

కానీ సరిపోదు. నాకౌట్ వరుసగా జరగాలి. సెమీఫైనల్ తేలకుండా ఫైనల్ ఆడించలేం. ఆదివారం చివరి గంటల్లో మైదానాలు ఖాళీగా ఉన్నా పనికిరావు. ఫైనల్ రాత్రి పొద్దుపోయాకే మొదలవుతుంది. సోమవారం బడి ఉన్న పదేళ్ళ పిల్లలకి అది ఆట కాదు, శిక్ష. మధ్యలో ఒక్క గంట వాన పడితే సర్దడానికి చోటే లేదు. అందుకే అనుభవం ఉన్న నిర్వాహకులు శుక్రవారమే మొదలుపెడతారు, లేదా పూల్‌లో మ్యాచ్‌లు తగ్గిస్తారు, లేదా జట్ల సంఖ్యే తగ్గిస్తారు. తగ్గిస్తే ఫీజు పోతుంది. ఆశకి పోయి నింపేస్తే ఫిర్యాదులు వస్తాయి.

అంపైర్ల లెక్క కూడా ఇంతే. శనివారం 80 మ్యాచ్‌లకి ఇద్దరు చొప్పున 160 డ్యూటీలు. మనిషి రోజుకి 5 మ్యాచ్‌లు చూసినా 32 మంది కావాలి. అది కూడా ఒక్కరూ సెలవు పెట్టకుండా. ఎండలో ఐదో మ్యాచ్ చూస్తున్న అంపైర్ తప్పు చేస్తే ఆ తప్పులో షెడ్యూల్ వేసినవాడి వాటా ఉంది.

టైమ్, సమాన పాయింట్లు

టైమ్ లిమిట్ రెండు రకాలు. మొదటిది, టైమ్ అయ్యాక కొత్త ఇన్నింగ్స్ మొదలుపెట్టకూడదు, నడుస్తున్నది పూర్తి చేస్తారు. రెండోది, గంట కొట్టగానే ఆట ఉన్నచోటే ఆగిపోతుంది. రెండోదానిలో షెడ్యూల్ బాగుంటుంది కానీ గెలుస్తున్న జట్టు కావాలని నెమ్మదిస్తుంది. మొదటిదానిలో న్యాయం ఉంది కానీ ఆలస్యం పేరుకుంటుంది. మ్యాచ్‌కి 5 నిమిషాలు ఎక్కువైతే ఎనిమిదో మ్యాచ్ 35 నిమిషాలు లేటు.

పూల్‌లో మూడు జట్లు సమానంగా నిలిస్తే ఎవరు పైకి? ముఖాముఖి ఫలితమా, ఇచ్చిన పరుగులా, పరుగుల తేడానా? తేడాకి హద్దు పెట్టకపోతే బలమైన జట్టు బలహీనమైన పిల్లల మీద 20, 25 పరుగులు కొడుతూనే ఉంటుంది. ఈ వరుస కూడా ముందే రాసి ఉండాలి. ఆదివారం ఉదయం గుడారం కింద కూర్చుని నిర్ణయిస్తే ఏ జవాబు చెప్పినా ఒక జట్టు ఏడుస్తుంది.

డబ్బు

జట్టు ఫీజు 900 డాలర్లు అనుకుందాం. 64 జట్లకి 57,600 డాలర్లు. దీనిలోంచే మైదానాల అద్దె, అంపైర్లు, బంతులు, ఇన్సూరెన్సు, ట్రోఫీలు. చాలాచోట్ల గేటు దగ్గర తల్లిదండ్రుల నుంచి టికెట్టు వసూలు చేస్తారు. ఇంకో పద్ధతి ఉంది: దూరం నుంచి వచ్చే జట్లు నిర్వాహకులు చెప్పిన హోటల్‌లోనే దిగాలి, లేకపోతే ఆడనివ్వరు. ఇది చట్టవిరుద్ధం అనలేం కానీ, చెప్పకుండా చేస్తే మోసం లాగే ఉంటుంది. ఫీజు కట్టేముందే చెప్పాలి.

వాన రీఫండ్ గురించి కూడా ముందే తెలియాలి. ఒక్క మ్యాచ్ కూడా జరగకపోతే ఎంత, ఒకటి జరిగితే ఎంత, రెండు జరిగితే ఎంత అని అంకెల్లో రాయాలి. ‘పరిస్థితిని బట్టి’ అని రాసి ఉంటే రాలేదనే అనుకోండి.

ఫిర్యాదులు: ఏది ఎవరి దగ్గరికి?

అన్ని ఫిర్యాదుల్ని ఒకే బుట్టలో వేయకూడదు. స్థూలంగా ఐదు రకాలు.

ఒకటి, అంపైర్ చూపు మీద ఆధారపడినవి. బంతి స్ట్రైకా కాదా, రన్నర్ అవుటా కాదా. వీటి మీద ప్రొటెస్ట్ ఉండదు. వీడియో చూపించినా మారదు.

రెండు, రూల్ తప్పుగా అమలు చేయడం. దీని మీద ప్రొటెస్ట్ చేయవచ్చు. కానీ కోచ్ వెంటనే, తర్వాతి బంతి వేయకముందే అంపైర్‌కి చెప్పాలి. సాయంత్రం ఇంటికెళ్ళి మెయిల్ పెడితే లాభం లేదు. కొన్ని టోర్నీలు ప్రొటెస్ట్‌కి రుసుము తీసుకుని, నెగ్గితే తిరిగి ఇస్తాయి.

మూడు, అర్హత. వయసు, జట్టు జాబితాలో లేని అమ్మాయి, అనుమతి లేని బ్యాటు. ఇక్కడ మాట కాదు, కాగితం కావాలి. బర్త్ సర్టిఫికెట్ కాపీ మేనేజర్ దగ్గర ఉండాలి. అడిగేటప్పుడు ఆ పాప ముందు అడగొద్దు. తప్పు పెద్దవాళ్ళది, అవమానం పిల్లకి.

నాలుగు, డబ్బు, షెడ్యూల్, సదుపాయాలు. ఇవి నిర్వాహకుడివే. ఫిర్యాదు రాతలో తీసుకోవాలి, ఎప్పటిలోగా జవాబిస్తారో చెప్పాలి, ఆ గడువులోగా ఇవ్వాలి. ‘కుదరదు’ అనేది కూడా జవాబే. మౌనం జవాబు కాదు.

ఐదు, పిల్లల భద్రత. కొట్టడం, బెదిరించడం, లైంగిక వేధింపు. ఇది టోర్నీ కమిటీ విచారించే విషయమే కాదు. అమెరికా జిమ్నాస్టిక్స్‌లో డాక్టర్ ల్యారీ నాసర్ మీద ఫిర్యాదులు ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోయాయి. వందలమంది అమ్మాయిలు నష్టపోయాక 2018లో చట్టం వచ్చింది. దాని ప్రకారం జాతీయ క్రీడా సంస్థల కింద పిల్లలతో పనిచేసే పెద్దవాళ్ళు వేధింపు అనుమానం వచ్చిన 24 గంటల్లోగా పోలీసులకో సంబంధిత అధికారులకో చెప్పాలి. ఒలింపిక్ క్రీడల సంస్థల ఫిర్యాదుల కోసం సేఫ్‌స్పోర్ట్ కేంద్రం ఉంది. ‘మేం లోపల చూసుకుంటాం, బయటికి చెప్పకండి’ అని ఎవరన్నా అంటే అక్కడే అనుమానించాలి.

ఏ రకమైనా ఒక సూత్రం మారదు. తీర్పు చెప్పేవాడికి ఆ మ్యాచ్‌లో స్వార్థం ఉండకూడదు. కోచ్ అమ్మాయి ఆడే జట్టు గురించి ఆ కోచ్ స్నేహితుడు తీర్పు చెబితే అది సరైనదైనా ఎవరూ నమ్మరు. ముగ్గురు సభ్యుల కమిటీ, ఎవరికైనా సంబంధం ఉంటే పక్కకి తప్పుకోవడం, తీర్పుకి కారణం రెండు ముక్కల్లో రాయడం. ఇంత చాలు.

పిడుగు, ఎండ

ఉరుము వినపడితే ఆట ఆపాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. మధ్యలో మళ్ళీ ఉరిమితే లెక్క మళ్ళీ మొదటి నుంచి. పిల్లలు కూర్చునే డగౌట్ పిడుగు నుంచి కాపాడదు. గట్టి భవనంలోకో, లోహపు పైకప్పు ఉన్న కారులోకో వెళ్ళాలి. ఇక్కడ ఏ కోచ్ ఫిర్యాదూ వినక్కర్లేదు.

మన దగ్గర

మన దేశంలో సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ 1961 నుంచి ఉంది. స్కూల్ గేమ్స్‌లో 14, 17, 19 ఏళ్ళలోపు విభాగాలున్నాయి. నిజామాబాద్, అనంతపురం పిల్లలు ఈ ఆటలో పేరు తెచ్చుకున్నారు. ఇక్కడ హోటల్ గొడవ లేదు కానీ ఇంకోటి ఉంది. టోర్నీ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటా సీటుకి పనికొస్తుంది. అంటే వయసు దొంగలెక్క, సెలెక్షన్‌లో పక్షపాతం ఒక పేద పిల్ల సీటు లాక్కోవడమే. నిర్వాహకుడే సెలెక్టర్ కూడా అయితే తండ్రి నోరు విప్పడానికి భయపడతాడు. ఎక్కువ కావలసింది అక్కడే: రాతపూర్వక ఫిర్యాదు, అందినట్టు రశీదు, సంబంధం లేని కమిటీ.

పిల్లల మీద లైంగిక వేధింపు తెలిస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పడం తప్పనిసరి. దాచడం నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఫీజు కట్టేముందు అడగాల్సినవి

ఏ రూల్ బుక్? వయసు ఏ తేదీకి లెక్క? ఎన్ని మ్యాచ్‌లు గ్యారంటీ? టైమ్ లిమిట్ ఏ రకం? వాన పడితే ఎంత వాపసు? గేటు టికెట్టు, హోటల్ షరతు ఉన్నాయా? ఫిర్యాదు ఎవరికి, ఎన్ని రోజుల్లో జవాబు? అంబులెన్సు, ప్రథమ చికిత్స ఎక్కడ?

ఈ ఎనిమిదింటికీ రాతలో జవాబిచ్చే టోర్నీలోనూ తప్పులు జరుగుతాయి. కానీ అక్కడ తప్పుని ఎలా దిద్దాలో అందరికీ ముందే తెలిసి ఉంటుంది. జవాబివ్వని చోట, ఓడిన పిల్లకి ఇంటికెళ్తూ కారులో ఏం చెప్పాలో తల్లిదండ్రులకి తెలియదు.