కోసిన చెయ్యి - కోయబడ్డ మనిషి

వెసేలియస్ రాసిన 'మానవ శరీర నిర్మాణం' 1543లో బాసెల్ నగరంలో అచ్చయింది. దాని ముఖచిత్రం నకలు ఒకటి చాలాకాలంగా నా బల్లమీద ఉంది. గుంపు నడుమ, పొట్ట కోసిన ఒక స్త్రీ శవం. దానిమీద చెయ్యివేసి మనవైపు చూస్తున్న వెసేలియస్. ఆ చెయ్యి అక్కడికి ఎలా వచ్చిందో చరిత్రకారులు ఉత్సాహంగా చెబుతారు. ఆ స్త్రీ ఎలా వచ్చిందో చెప్పకుండా దాటేస్తారు.

అంతకుముందు ఆచార్యుడు ఎత్తయిన పీఠమ్మీద కూర్చుని గాలెన్ గ్రంథం చదివేవాడు. కింద మంగలి శవాన్ని కోసేవాడు. చదివేవాడికి శవం తెలియదు, కోసేవాడికి గ్రంథం తెలియదు. మేధాశ్రమనూ కాయకష్టాన్నీ విడదీసిన వ్యవస్థకు ఆ గది ఒక నమూనా. 1514లో బ్రస్సెల్స్‌లో పుట్టిన వెసేలియస్, 1537లో పాదువాలో శస్త్రవైద్యం, శరీర నిర్మాణం బోధించే పదవిలోకి వచ్చాడు. అతను పీఠం దిగి కత్తి తానే పట్టాడు.

రెండో శతాబ్దపు గాలెన్ కోసినవి కోతులు, పందులు వంటి జంతువులు. అందుకే మనిషి కింది దవడను రెండెముకలన్నాడు. వెసేలియస్ ఒకటేనని చూపాడు. అయితే నన్ను ఆకర్షించింది ఈ దిద్దుబాటు కాదు. మెదడు అడుగున 'అద్భుత జాలం' అనే రక్తనాళాల అల్లిక ఉందని గాలెన్ మాట. అది గొర్రెలలో, ఎద్దులలో ఉంటుంది, మనిషిలో లేదు. అయినా 1538లో వేసిన పటాలలో వెసేలియస్ దాన్ని చిత్రించాడు. శవం కళ్లెదుటే ఉన్నా చూసింది గ్రంథమే! అయిదేళ్ల తర్వాత తన గుడ్డినమ్మకాన్ని తానే అచ్చులో ఒప్పుకున్నాడు. పారిస్‌లో అతనికి చదువు చెప్పిన సిల్వియస్ మాత్రం, గాలెన్ తప్పలేదు, మనిషి శరీరమే మారిపోయిందన్నాడు. శాస్త్రాన్ని కాపాడటానికి మనిషినే తప్పుపట్టే పండితులు ఏ కాలంలో లేరు?

ఇక ఆ శవాలు ఎవరివి? ఎక్కువభాగం ఉరితీయబడ్డవాళ్లవి. గర్భవతినని చెప్పి ఉరి తప్పించుకోజూసిన ఒక స్త్రీని మంత్రసానులు పరీక్షించి కాదన్నారనీ, ఆమె శవాన్నే తాను కోశాననీ వెసేలియస్ రాశాడు. సమాధినుంచి విద్యార్థులు ఎత్తుకొచ్చిన మరో స్త్రీని, బంధువులు గుర్తుపట్టకుండా చర్మం ఒలిచిన సంగతీ రాశాడు. ఎక్కడా ఆమె పేరు లేదు. ఎముకల విషయంలో అంత నిర్దయగా తన తప్పు దిద్దుకున్న చూపు, ఈ అన్యాయం దగ్గర ఆగిపోయింది. ఆ బొమ్మలోనే మరో సంగతి ఉంది. కత్తి గురువు చేతికి వచ్చింది, మంగళ్లు బల్లకిందికి పోయారు.

1564లో జెరూసలేం యాత్రనుంచి తిరిగివస్తూ జాకింతోస్ దీవిలో అతను మరణించాడు. అతని ఘనతను తగ్గించడం నా ఉద్దేశం కాదు. పీఠం దిగి జీవితాన్ని చేత్తో తాకమని రచయితలకు మనం చెబుతూనే ఉన్నాం. తాకితే చాలదు. మన చేతికింద ఉన్నది ఎవరో, వాళ్లను అక్కడికి చేర్చింది ఏ వ్యవస్థో రాయనంతకాలం మన వాస్తవికత కూడా సగం శవచ్ఛేదమే.