బాణం గుర్తు బండి

1999 జూన్ మొదటి వారం. ద్రాస్ మీదుగా కార్గిల్ వెళ్ళే దారి. చిమ్మచీకటి. వరసకట్టి కదులుతున్న మిలటరీ ట్రక్కుల్లో ఒక్కదానికీ హెడ్‌లైటు వెలగడం లేదు. వెలిగితే తోలోలింగ్ కొండమీద మాటు వేసిన శత్రుసైనికులకి కనబడుతుంది. వాళ్ళు వైర్‌లెస్‌లో ఒక్క మాట చెబితే చాలు, సరిహద్దు అవతలి ఫిరంగులు ఈ రోడ్డు మీదికే గుళ్ళు కురిపిస్తాయి.

డ్రైవరుకు కనిపించేది ఒక్కటే. ముందు బండి వెనక ఇరుసు మధ్యన గుండ్రంగా ఉండే డిఫరెన్షియల్‌కి తెల్లరంగు వేసి ఉంటుంది. దాని మీద మాత్రమే పడేలా బండి అడుగున ఒక చిన్న బల్బు. పైనుంచి ఎవరికీ కనబడదు, వెనక వచ్చేవాడికి తప్ప. ఆ తెల్లమచ్చ పెద్దదవుతుంటే బ్రేకు, చిన్నదవుతుంటే యాక్సిలరేటరు. ఒక పక్క కొండ, రెండో పక్క లోయ. వెనకాల పెట్టెల నిండా ఫిరంగి గుళ్ళు.

స్టీరింగ్ పట్టుకున్నవాడు రాజోలు దగ్గరి మనిషి.

అతని పేరు రాయడం లేదు. నిజానికి అతను ఒక్కడు కూడా కాదు. ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేరి ఆ దారిన బళ్ళు తోలినవాళ్ళ పనినీ, కష్టాన్నీ ఒక్క మనిషి భుజాల మీద పెట్టి చెబుతున్నాను. దారి, బండి, యుద్ధం మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కొండంటే ఏమిటో తెలియని నేల కోనసీమ. గౌతమికీ వసిష్ఠకీ నడుమ గోదారి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి. మనిషి ఎక్కగలిగిన ఎత్తంటే కాలవగట్టు, కాదంటే కొబ్బరిచెట్టు. చిన్నతనంలో అతను నోరు తెరుచుకుని చూసిన డ్రైవింగ్ సఖినేటిపల్లి రేవులో జరిగేది. నరసాపురం వెళ్ళే పంటి మీదికి లారీ ఎక్కించడం. చెక్కల మీద చక్రం అంగుళం అటూ ఇటూ అయితే గోదాట్లోకే. ఆ లారీ డ్రైవరు కిందికి దిగి బీడీ ముట్టించుకుంటే పిల్లలందరికీ వాడే హీరో.

వసిష్ఠ అవతల, తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలో తాతల కాలం నుంచీ ఇంటింటి నుంచీ పట్టాళానికి వెళ్ళారు. రాజోలు, మలికిపురం వైపు కుర్రాళ్ళు ఎక్కువగా గల్ఫ్‌కి వెళ్ళారు. ఇతను మాత్రం 1988లో సైన్యంలో చేరి, బెంగుళూరు సర్వీస్ కోర్ సెంటర్‌లో డ్రైవరుగా తయారయ్యాడు.

మొదటి యూనిట్‌లో బళ్ళ విభాగం (ఎం.టి.) హవల్దారు ఇతనికి ముందుగా ఇచ్చింది లాగ్‌బుక్. బండి పుట్టుపూర్వోత్తరాలు, తిరిగిన ప్రతి కిలోమీటరు, మార్చిన ప్రతి సామాను అందులో ఉంటాయి. తర్వాత సామాన్లు లెక్కపెట్టి అప్పజెప్పారు. జాకీ, వీల్ స్పానర్, పార, లాగే గొలుసు, మంచులో చక్రాలకి చుట్టే గొలుసులు. అన్నిటికీ సంతకం. ఒక్క స్పానర్ పోయినా జవాబు చెప్పుకోవాలి. అక్కణ్ణుంచి ఆ బండి అతని పేరు మీద ఉన్నట్టే. అనుబంధం అంటాం గానీ, దానికి మొదలు ఇలాంటి సంతకమే అని నా నమ్మకం. ఫలానా వస్తువుకి నువ్వే పూచీ అని చెప్పి చూడండి, నాలుగు రోజుల్లో మనిషి దాని చప్పుడు నిద్రలో కూడా పోల్చుకుంటాడు.

మిలటరీ బళ్ళ నెంబరు ప్లేటు మీద మొదట పైకి చూసే బాణం గుర్తుంటుంది. దాని పక్కన బండి సైన్యంలోకి వచ్చిన సంవత్సరం, రెండంకెల్లో. ఇతని బండికి ఆ అంకెలు 88.

"నువ్వూ నేనూ ఒకే బ్యాచీ అన్నమాట," అన్నాడట బానెట్ తడుతూ.

అది శక్తిమాన్. జర్మనీకి చెందిన మాన్ కంపెనీ లైసెన్సుతో, కృష్ణమీనన్ రక్షణ మంత్రిగా ఉండగా, 1959లో జబల్‌పూర్‌లో తయారీ మొదలైంది. 1962, 1965, 1971 మూడు యుద్ధాలూ చూసింది. 1996 దాకా తయారవుతూనే ఉంది. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, గుండ్రటి లైట్లు, నాలుగు చక్రాలకీ ఇంజను బలం. పవర్ స్టీరింగ్ లేదు. కొండమలుపులో తిప్పాలంటే సీట్లోంచి సగం లేవాలి. నెల తిరిగేసరికి భుజాలు రాటుదేలతాయి.

శ్రీనగర్ నుంచి లేహ్‌కి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు. సోనామార్గ్ దాటగానే జోజిలా, 3,528 మీటర్లు. కార్గిల్ కూడా దాటి పోతే ఫోతూలా, 4,108 మీటర్లు. సముద్రమట్టానికి నాలుగైదు మీటర్ల ఎత్తులో పుట్టినవాడికి అక్కడ గాలే సరిపోదు. ఇంజనుకీ సరిపోదు. నల్లటి పొగ కక్కుతూ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతుంది. ఇద్దరూ ఒక్కలాగే ఆయాసపడుతుంటే, తన ఆయాసం బండికీ, బండి ఆయాసం తనకీ తెలుస్తుందని డ్రైవర్లు నిజంగానే నమ్ముతారు.

ఆ రోజుల్లో చలికాలంలో మంచు పడి జోజిలా మూసేసేవారు. అవతల ఉన్న బళ్ళు వేసవి వచ్చేదాకా అవతలే. ద్రాస్‌లో ఉష్ణోగ్రత సున్నాకి ఇరవై, ముప్ఫై డిగ్రీలు కిందికి దిగుతుంది. సాయంత్రం బండి ఆపగానే చేసే మొదటి పని రేడియేటర్లో నీళ్ళు వంపెయ్యడం. మరిచిపోతే తెల్లారేసరికి గడ్డకట్టి ఇంజను బ్లాకు పగిలిపోతుంది. డీజిలు మైనంలా పేరుకుంటుంది. ఇంజనాయిలు కదలదు. పొద్దున్నే లేచి ఇంజను కింద స్టవ్వు పెట్టి, ఆయిల్ చాంబరు వేడెక్కేదాకా పక్కనే కూర్చోవాలి. వట్టి చేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం అతుక్కుపోయి ఊడొస్తుంది. తను టీ తాగే ముందు బండికి వేడినీళ్ళు పొయ్యాలి.

ఇంటికి ఉత్తరం రాస్తే అందులో సగం బండి కబుర్లే. వాళ్ళమ్మ చదివించుకుని విని, జవాబు రాయించింది: "దానికి నీళ్ళు పోస్తున్నానంటావు, పొయ్యి పెడుతున్నానంటావు. నువ్వు అన్నం తింటున్నావో లేదో రాయవేం నాయనా?" ఆ కవర్లోనే అంతర్వేది నరసింహస్వామి పటం పెట్టి పంపింది. అద్దం పైన అతికించాడు. దసరాకి మంచుకొండల నడుమ నిమ్మకాయలు దొరక్కపోతే, లంగరుఖానాలో బతిమాలి నాలుగు సంపాదించి నాలుగు చక్రాల కింద పెట్టి తొక్కించాడు.

ఇక జూన్ రాత్రికి వద్దాం. అప్పటికి నెలరోజులుగా ఆ దారి నిప్పుల మీదే ఉంది. మే 9న కార్గిల్‌లో మన మందుగుండు డంపు మీదే గుళ్ళు పడి అంటుకుపోయింది. కొండలెక్కే జవానుకి దన్ను ఫిరంగి. బోఫోర్స్ గుండు ఒక్కటీ నలభై కిలోల పైమాటే. ఆ యుద్ధంలో మనవైపు నుంచి పేల్చిన గుళ్ళు, బాంబులు, రాకెట్లు కలిపి రెండున్నర లక్షలకు పైనే. రోజుకి సుమారు అయిదు వేలు. అన్ని గుళ్ళూ కొండల నడుమ ఫిరంగుల దగ్గరికి చేర్చింది ఈ ట్రక్కులు. తోలోలింగ్ గురించి, టైగర్ హిల్ గురించి మనం చెప్పుకునే కథల్లో డ్రైవరు ఎక్కడా కనబడడు. అది అన్యాయమే.

ముందు ఒక గుండు కొండవాలున పడింది. రెండోది రోడ్డుకి దగ్గరగా. బళ్ళు ఆగాయి. డ్రైవర్లు దిగి బండరాళ్ళ చాటుకి పరిగెత్తారు. చప్పుడు సద్దుమణిగాక అందరూ ఇంజన్లు వేశారు. ఇతనిది ఒకసారి అంటుకుని, దగ్గి, ఆగిపోయింది. డీజిల్ వాసన. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పైపుని గుండు ముక్క తెంపేసింది.

వెనక ఉన్న బళ్ళన్నీ నిలిచిపోయాయి. సుబేదారు పరిగెత్తుకుంటూ వచ్చాడు. అలాంటప్పుడు కాన్వాయ్‌లో ఒకటే పద్ధతి: కదలని బండిని పక్కకి నెట్టెయ్యాలి. అక్కడ పక్క అంటే లోయ.

"ఛోడ్ దే, ధక్కా మారో!"

"సాబ్, దో మినిట్."

సుబేదారు ఏమీ అనలేదు. ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. గడియారం కేసి చూశాడు.

ఇతను గుడ్డ చుట్టిన టార్చి నోట్లో కరుచుకుని బండి కిందికి దూరాడు. తెగిన పైపు రెండు కొసల్నీ కలుపుతూ రబ్బరు ట్యూబు ముక్క తొడిగి, తీగతో బిగించాడు. పైపు అతికితే సరిపోదు. డీజిలు దారిలో గాలి చొరబడితే ఎంత తిప్పినా ఇంజను అంటుకోదు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ గాలి తియ్యాలి. ముందు నురగ వస్తుంది, తర్వాత బుడగలు, ఆఖరికి బుడగ లేని డీజిలు. ఆ మసక వెలుతురులో బుడగలు కనబడవు. వేళ్ళతో తెలుసుకోవాలి. చలికి కొయ్యబారిన వేళ్ళు. ఏ స్క్రూ ఎన్ని చుట్లకి వదులవుతుందో దాదాపు పదేళ్ళుగా ఆ బండితో కాపురం చేసినవాడి చేతులకి తెలుసు. కొత్త డ్రైవరైతే ఆ రాత్రి శక్తిమాన్ లోయలోనే.

రెండు నిమిషాల కంటే ఎక్కువే పట్టింది. సుబేదారు గడియారం కేసి మళ్ళీ చూడలేదు. ఇంజను అంటుకున్నాక బానెట్ మీద ఒక్క చరుపు చరిచి, "చల్," అన్నాడు.

తెల్లవారకముందే పెట్టెలు చేరాల్సిన చోటికి చేరాయి. జూన్ 13న తోలోలింగ్ మన చేతికి వచ్చింది. జులై 4న టైగర్ హిల్. జులై 26న యుద్ధం ముగిసింది. ఈ దేశం 527 మందిని పోగొట్టుకుంది.

తర్వాత స్టాలియన్ అనే కొత్తరకం ట్రక్కులు పెరిగాయి. శక్తిమాన్లు ఒక్కొక్కటీ వెనక్కి తగ్గాయి. ఇతనికి బదిలీ ఆర్డరు వచ్చేసరికి బాణం గుర్తు బండి ఇంకా పనిలోనే ఉంది. దాన్ని అందుకున్నవాడు శ్రీకాకుళం కుర్రాడు. సామాన్లు లెక్కపెట్టడం అరగంటలో అయింది. సంతకాలయ్యాక ఇతను చెప్పడం మొదలుపెడితే పొద్దు వాలింది.

"రెండో గేరు మొండిదిరా అబ్బాయ్. క్లచ్ రెండుసార్లు తొక్కి, నీవైపు కాస్త లాక్కుని వెయ్యి. బలవంతం చేశావో, అరుస్తుంది."

"అలగేనన్నా."

"కుడి వైపరు వానకి తిరగదు, మంచుకైతే తిరుగుతుంది. ఎందుకో నన్నడక్కు."

"ఏటన్నా, పెల్లికూతుర్ని అప్పగించినట్టు సెప్తన్నావు?"

ఇతను నవ్వలేదు. పటం తీసుకెళ్ళనా, ఉంచనా అని కాసేపు తచ్చాడి, ఉంచేశాడు.

కాలం చెల్లిన మిలటరీ బండిని పరీక్షించి, పనికిరాదని తేల్చాక లాగ్‌బుక్ మూసేసి వేలానికి పెడతారు. కొన్నవాళ్ళు వాటిని కలప మోతకీ, ఇసుక మోతకీ వాడుకుంటారు. ఈశాన్య రాష్ట్రాల కొండల్లో అలాంటి శక్తిమాన్లు సైన్యం వదిలేశాక కూడా ఏళ్ళ తరబడి తిరిగాయి. గుర్రానికీ, కుక్కకీ సైన్యంలో అంతో ఇంతో మర్యాద దక్కుతుంది. ట్రక్కుకి వేలంపాటే. ఇనుముకి అంతకంటే ఏం చేస్తారని అడగొచ్చు. ఆ డ్రైవర్ల ముందు మాత్రం నేను ఆ మాట అనలేను.

ఇతను పెన్షన్ పుచ్చుకుని ఊరొచ్చిన కొన్నాళ్ళకి శ్రీకాకుళం కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, మన బండిని యేలం ఏసేసినారు. అస్సాం కాంట్రాక్టరెవుడో పాడుకున్నాడు."

"నడిపించుకుని తీసుకెళ్ళారా, కట్టి లాక్కెళ్ళారా?"

"నడిపించుకునే ఎల్లేరు. ఒక్క సెల్ఫుకే అంటుకుంది."

"రెండో గేరు సంగతి ఆ డ్రైవరుకి చెప్పావా?"

"గేటు కాడ ఆపి మరీ సెప్పేనన్నా. ఆడికి హిందీ అంతంతమాత్రం. ఎక్కి కూకుని ఏసి సూపించేను."

"కుడి వైపరో?"

"అది మరిసిపోయేనన్నా."