బుగ్గవంక

కడప ఊరి నడుమ పారే ఏటి పేరు బుగ్గవంక. 2001లో అది పొంగి వీధులను ముంచెత్తిన సంగతి కడపవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పేరులో రెండు పాత మాటలు కలిసి ఉన్నాయి. రెండింటికీ శనిగ్రహం దగ్గర పని పడింది.

ముందు 'వంక' సంగతి. వంగు, వంచు, వంకర, చేతికి పెట్టుకునే వంకీ, అన్నీ ఒక్క ధాతువు సంతానం. తమిళుల 'వణంగు' దీనికి దగ్గరి చుట్టం. వాళ్లకు వంగడమంటే మొక్కడం కూడా. మనం మాత్రం ఈ మాటను తగువుల్లోకి దించాం. తిన్నగా ఉన్నదాంట్లో వంపు చూపెడితే అది వంక పెట్టడం. అసలు కారణాన్ని పక్కకు నెట్టి ఇంకోటి చెబితే 'ఆ వంకతో' అంటాం. మెడ తిప్పి చూసిన దిక్కు 'ఆ వంక' అయింది. వంకాయను మాత్రం ఈ ఇంటికి తేకండి. అది వంగచెట్టు కాయ, దాని గోత్రం వేరు.

ఇక నీళ్ల వంక. కోస్తాలో 'వాగులూ వంకలూ' అని జంటగా వినిపించే మాట సీమలో ఒంటరిగా నిలబడగలదు. వాన కురిస్తే వంక వస్తుంది. లేకుంటే ఇసుక, గులకరాళ్లు. 'నది'లో 'నద్' ధాతువు ఉంది, మోత చేసేది అని అర్థం. మోత లేకుంటే నది పేరు సగం అబద్ధమవుతుంది. వంకకు ఆ బాధ లేదు. అందులో నీటి ప్రసక్తే లేదు, నేల మీద గీసిన వంపు ఒక్కటే ఉంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండేదానికి ఎండినా చెల్లే పేరు పెట్టుకున్నారు సీమవాళ్లు. నాకు ఈ మాట మీద ఇంత మక్కువ అందుకే.

2005 జనవరి 14న హైగెన్స్ నౌక శని ఉపగ్రహం టైటాన్ మీద దిగింది. రెండున్నర గంటల పాటు దిగుతూ తీసిన ఫోటోల్లో కొమ్మలు కొమ్మలుగా చీలిన కాలువలు కనిపించాయి. దిగినచోట నునుపు తేలిన గుండ్రాళ్లున్నాయి. అవి రాతివి కావు, మంచువి. మైనస్ 179 డిగ్రీల చలిలో మంచే రాయి. అక్కడ కురిసేది మీథేన్ వాన. ధ్రువాల దగ్గర సరస్సులు నిండి ఉన్నా, నడిమి మండలంలో వాన చాలా అరుదు. 2010లో అక్కడ ఓ పెద్ద మేఘం వచ్చిపోయాక నేల తడిసి నల్లబడడం కసీని నౌక కంట పడింది.

ఇలాంటి ఎండు కాలువల కోసం ఇంగ్లీషు స్పానిష్ నుంచి 'అరోయో'నూ, అరబ్బీ నుంచి 'వాదీ'నీ తెచ్చుకుంది. మనకు ఆ అప్పు అక్కరలేదు. అయినా తెలుగులో టైటాన్ గురించి రాసేవాళ్లు 'నదులు' అని రాస్తున్నారు. వంక అనండి, సరిగ్గా అతుకుతుంది.

ఇంకో ముచ్చట. 'నెల' అంటే మొదట చంద్రుడే. తమిళుల 'నిలా' అదే మాట. వెన్నెలలో ఆ అర్థం ఇంకా బతికే ఉంది, ముప్పై రోజుల లెక్క తర్వాత వచ్చింది. నెలవంకలో ఉన్నది చంద్రుడి వంపు. టైటాన్ శనికి నెల అనుకుంటే, దాని మీది కాలువలూ నెలవంకలే! సమాసం అదే, విగ్రహవాక్యం మారింది.

బుగ్గ మిగిలింది. సీమలో బుగ్గ అంటే నేలలోంచి ఉబికే ఊట. కర్నూలు దగ్గర కాల్వబుగ్గ, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడు, ఎక్కడ చూసినా ఊటే పేరైంది. చెంపకు ఆ పేరు ఉబ్బుదనం వల్ల వచ్చిందని నా ఊహ. శనికే ఎన్సెలాడస్ అనే చిన్న ఉపగ్రహం ఉంది, అడ్డకొలత 500 కిలోమీటర్లు. దాని దక్షిణ ధ్రువం దగ్గర మంచు పగుళ్లలోంచి నీళ్లు చిమ్ముతున్నాయని కసీని 2005లోనే పట్టింది. కింద ఉప్పుసముద్రం ఉంది. ఆ చిమ్మేవాటిని బుగ్గలనక ఏమంటాం?

మళ్లీ కడపకు వద్దాం. సి.పి. బ్రౌన్ నిఘంటుకారుడు కాకముందు కడపలో కొలువు చేశాడు, బంగళా కొని పండితులను చేరదీశాడు. ఆయన పేరిట భాషాపరిశోధన కేంద్రం ఇప్పటికీ ఆ ఊళ్లోనే ఉంది. డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రం 2028లో బయలుదేరి 2034లో టైటాన్ చేరాలని నాసా సంకల్పం. ఆలోగా తెలుగు ఖగోళ పదకోశంలో వంకకూ బుగ్గకూ చెరో పద్దు రాసి పెట్టమని ఆ కేంద్రం పండితులను అడుగుతున్నాను.