పల్లెలో నాస్తికుడు: గండికోట సీమ క్రైస్తవంలో అవిశ్వాసి చోటు

గండికోట చరిత్ర అనగానే పెమ్మసాని నాయకులు గుర్తుకొస్తారు. 1650లో కోటను పట్టుకున్న మీర్ జుమ్లా గుర్తుకొస్తాడు. కోటలో మాధవరాయ, రంగనాథ ఆలయాలున్నాయి, జామా మసీదుంది, ధాన్యాగారముంది. ఆ రాళ్లు మోసినోళ్లు ఎవరని మాత్రం ఎవరూ అడగరు. వాళ్ల చరిత్ర కోట గోడల బయట, ఊరికి ఎడంగా ఉన్న మాల మాదిగ పల్లెల్లో ఉంది. ఈ సీమలోని చాలా పల్లెల్లో చర్చి వెలిసి నూట యాభై ఏళ్లు దాటింది. ఆ చర్చి నీడలోనే పుట్టి పెరిగి, దేవుడు లేడు అన్న మనిషిని మనవాళ్లు ఎట్లా చూసినారన్నదే ఈ వ్యాసం.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరకలేదు. మా చిన్నాయన చచ్చిపోయిన రోజు దొరికింది. ఆయన నాపరాళ్ల గనిలో కూలి. బైబిలు మొత్తం చదివినాడు, ఆ తర్వాత వేరే పుస్తకాలు చదివినాడు, చర్చికి పోవడం మానుకున్నాడు. ఎవర్నీ మానమని చెప్పలేదు. పోయినప్పుడు సంఘపెద్దలు కూర్చుని, సమాధుల దొడ్డిలో చోటు లేదన్నారు. ఊరి శ్మశానంలోకి మాకు ఎట్లాగూ దారి లేదు. గోడ బయట, వంక గట్టున పూడ్చినాం. మా జేజి ఒకే మాట అడిగింది: ‘వాడు దేవుణ్ణి ఇడిసినాడు సరే, మీరెందుకు వాణ్ణి ఇడిసినారు?’ ఆ మాటకు పెద్దలు జవాబు చెప్పలేదు. చరిత్ర విద్యార్థిగా ఆ జవాబు వెతకడం నా పని అనుకుంటున్నా.

నాస్తికుడంటే నమ్మదగని మనిషన్న భావన మన పల్లెల్లో పుట్టింది కాదు. క్రైస్తవం అధికార మతంగా ఉన్న దేశాల్లో దానికి పొడుగాటి చరిత్ర ఉంది. మతసహనం గురించి 1689లో రాసిన జాన్ లాక్ కూడా నాస్తికులకు ఆ సహనం వర్తించదన్నాడు. దేవుడి భయం లేనివాడికి ప్రమాణం, ఒప్పందం పట్టవన్నది ఆయన వాదన. ఇంగ్లండులో జార్జి హోలియోక్ 1842లో దైవదూషణ నేరం కింద ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. 1869లో చట్టం మారేదాకా అక్కడి కోర్టుల్లో నాస్తికుడి సాక్ష్యమే చెల్లేది కాదు. చార్లెస్ బ్రాడ్‌లా 1880లో నార్తాంప్టన్ నుంచి పార్లమెంటుకు గెలిచినాడు. కానీ ప్రమాణం తగాదా వల్ల ఆయన తన సీట్లో స్థిరంగా కూర్చోడానికి 1886 దాకా పట్టింది. ఈ మధ్యలో మళ్లీ మళ్లీ ఎన్నికలై మళ్లీ మళ్లీ గెలిచినాడు. 1888లో ప్రమాణాల చట్టం వచ్చినాకే ఆ తగాదా తీరింది.

అమెరికా కథ కూడా అంతే. కొన్ని రాష్ట్రాల రాజ్యాంగాలు దేవుణ్ణి నమ్మనివాడికి పదవి లేదన్నాయి. 1961లో అక్కడి సుప్రీంకోర్టు అట్లాంటి షరతు చెల్లదంది. 1958లో గ్యాలప్ సంస్థ అడిగితే, నాస్తికుడికి అధ్యక్షుడిగా ఓటేస్తామన్నవాళ్లు నూటికి 18 మంది. 2020లో 60 మంది. పెరిగింది నిజమే, అయినా ఇంకా నలభై మంది దాకా మిగిలే ఉన్నారు.

ఇట్లాంటి ఇంగ్లండు నుంచే మన సీమకు దొరలు వచ్చినారు. లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. 1850లలో ఈ ప్రాంతపు మాలలు గుంపులు గుంపులుగా కదిలినారు. ముత్యాలపాడు, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. 1876-78 ధాతు కరువు తర్వాత బాప్తిస్మాలు ఇంకా పెరిగినాయి. ఒంగోలు సీమలో బాప్టిస్టు మిషన్ 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది. అందులో ఎక్కువమంది మాదిగలు.

గంజి కోసం మతం మారినారని అగ్రవర్ణ చరిత్రకారులు తేలిగ్గా రాసేస్తారు. గంజికి మించినది అక్కడ దొరికింది. పల్లె పిల్లోడికి పలక దొరికింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో, ముట్టుకుని నాడి చూసే డాక్టరు దొరికినాడు. చచ్చినాక పెట్టెలో పెట్టి, పేరు పెట్టి పిలిచి పూడ్చే మర్యాద దొరికింది. ఊళ్లో బావి లేదు, గుడి లేదు, పొలం లేదు. మాదీ అని చెప్పుకోగలిగింది చర్చి ఒక్కటే. సంఘపెద్దల కోపం నాకు ఇక్కడ కొంచెం అర్థమైతుంది. ఇంగ్లండులో నాస్తికుణ్ణి వెలేసింది రాజ్యం, ప్రభువర్గం. మా పల్లెలో వెలేసింది తాము కూడా వెలిలో ఉన్నోళ్లు. నమ్మకం పోతే కట్టుకున్న ఒక్క గోడా కూలుతుందని వాళ్ల భయం. ఆ భయం నిజమైనదే. దాన్నుంచి పుట్టిన న్యాయం మాత్రం అన్యాయమే. ఊరు మనల్ని చూసిన చూపుతోనే మనం మన మనిషిని చూసినాం.

ఇక నాస్తికోద్యమం సంగతి. తెలుగునాట ఆ పేరు చెబితే గోరా గుర్తుకొస్తాడు. గోపరాజు రామచంద్రరావు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినాడు. దేవుడి మీద రాసిన వ్యాసం వల్ల 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాలలోనూ అదే కారణంతో నిలవలేకపోయినాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టినాడు, 1947లో అది విజయవాడ పటమటకు మారింది. ఆయన నాస్తికత్వం మాటల దగ్గర ఆగలేదు. 1948లో పెద్ద కూతురు మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి సేవాగ్రామ్‌లో పెళ్లి చేసినాడు. 1960లో కొడుకు లవణం, జాషువా కూతురు హేమలతను చేసుకున్నాడు. దీన్ని మనం గౌరవించాల్సిందే.

అయినా ఒక తేడా చెప్పుకోకపోతే చరిత్ర కాదు. గోరాకు ఉద్యోగం పోయింది గానీ, దేవుడు లేడన్నందుకు ఆయన్ను ఎవరూ బావి దగ్గరకు రావద్దనలేదు. ఆయన వదులుకోడానికి ఒక కులం ఉంది, ఆ వదులుకోవడానికి గౌరవం కూడా వచ్చింది. మా చిన్నాయన దేవుణ్ణి వదిలినా కులం ఆయన్ను వదల్లేదు. ఊళ్లో ఆయన మాలోడే, పల్లెలో ద్రోహి. అగ్రవర్ణ నాస్తికుడు, దళిత నాస్తికుడు ఒకే మాట చెప్పినా, ఆ మాటకు ఇద్దరూ కట్టే ధర ఒకటి కాదు.

ఈ ధర జాషువాకు తెలుసు. 1895లో వినుకొండలో, క్రైస్తవ ఇంట్లో, యాదవ తండ్రికి మాదిగ తల్లికి పుట్టినాడు. హిందూ పురాణ కథలు పద్యాల్లో రాసినాడని క్రైస్తవ సంఘం దూరం పెట్టింది. అంటరానోడికి పద్యమేందని పండితులు దూరం పెట్టినారు. ఈ రెండు వెలివేతలే ఆయన్ను నాస్తికత్వం వైపు నడిపించినాయని జీవితచరిత్రకారులు చెబుతారు. అదే జాషువా ‘క్రీస్తు చరిత్ర’ రాసినాడు, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. చర్చిని ప్రశ్నించినవాడు క్రీస్తును ప్రేమించకూడదన్న నియమం ఏమీ లేదు. నమ్మినోడు, నమ్మనోడు అని మనుషుల్ని రెండుగా కోసే లెక్క దళిత జీవితానికి సరిపోదు.

రాజ్యం మాత్రం అదే లెక్క వేసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే షెడ్యూల్డు కులాల హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపింది. క్రైస్తవులైన మాల మాదిగలను ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ గ్రూపులో ఒక శాతం కోటాకు నెట్టినారు. ఇక ఆ ఇంట్లో పుట్టి మతమే వద్దన్నవాడి గతేంది? పోయిన హోదా తిరిగి రావాలంటే మూల కులం రుజువు కావాలి, తిరిగి హిందువు కావాలి, ఆ కులం ఒప్పుకోవాలి అని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చర్చి నుంచి బయటికొస్తే చాలదు, గుడిలోకి పోవాలి. మధ్యలో నిలబడే చోటు లేదు. 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రాల దరఖాస్తుల్లో ‘మతం లేదు, కులం లేదు’ అనే గడి పెట్టమంది. మంచిదే. కానీ ఆ గడి నింపితే మన పిల్లోడికి రిజర్వేషన్ పోతుంది, కులం పోదు. కొట్టేవాడు సర్టిఫికెట్ చూసి కొట్టడు.

ముంబైలో శిలువ నుంచి కారే నీళ్లు అద్భుతం కాదు, మురుగునీటి తేమ అని 2012లో చెప్పినందుకు హేతువాది సనల్ ఇడమరుకు మీద క్యాథలిక్ సంఘాలు 295ఎ కింద ఫిర్యాదులు చేసినాయి. ఆయన ఫిన్లాండు పోయి అక్కడే ఉండాల్సొచ్చింది. మైనారిటీగా చర్చి మీద జరిగే దాడుల్ని మనం ఎదిరించాల్సిందే. అదే నోటితో చర్చిలోని మైనారిటీ కోసం కూడా మాట్లాడాలి. అడిగినవాణ్ణి వెలేసే సంఘం, రేపు ఊరు వెలేసినప్పుడు న్యాయం ఎట్లా అడుగుతుంది?

గండికోట జలాశయం 26.85 టీఎంసీలకు కట్టినారు. ఆ నీళ్లలో మునిగిన పల్లెల్లో మాదీ ఒకటి. చర్చి గోడా, సమాధుల దొడ్డీ, వంక గట్టూ అన్నీ నీళ్ల కిందే ఉన్నాయి. ఇప్పుడు పునరావాస కాలనీలో కొత్త సమాధుల దొడ్డికి జాగా అడుగుతున్నారు. మా ఇంటి నుంచి మేమొక్కటే అడిగినాం: అది పల్లెది కావాల, పల్లెలో ఎవరు పోయినా అందులో చోటుండాల. పెద్దలు ఇంకా తేల్చలేదు. ఈసారి మాత్రం కూర్చోబెట్టి మాట్లాడుతున్నారు. మా జేజి అడిగిన మాటకు జవాబు అక్కడ మొదలైతే చాలు.