ఆఖరి రోజుల కొట్టం

గెలిచిన రాజుల విగ్రహాల కింద గుర్రం తప్పకుండా ఉంటుంది. యుద్ధం ముగిశాక ఆ గుర్రం ఏమైందని అడిగిన చరిత్రకారులు మాత్రం తక్కువ. ఆ ప్రశ్న అడిగి, జవాబు కోసం వీధుల వెంట తిరిగిన ఒక స్త్రీ కథ ఇది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా రంగాల్లో పోరాడిన బ్రిటిష్ సైన్యం తన గుర్రాలను వేల సంఖ్యలో అక్కడే అమ్మేసింది. మన హైదరాబాదు సంస్థానపు లాన్సర్లు కూడా పాల్గొన్న దండయాత్ర అది. గుర్రాలను ఓడల్లో ఇంటికి చేర్చడం ఖర్చుతో కూడిన పని కాబట్టి, సైన్యం లెక్కల్లో ఆ అమ్మకం సబబే. అమ్ముడైన గుర్రాలు కైరోలో బండ్లు లాగుతూ ముసలివయ్యాయి.

1930లో డొరొతీ బ్రూక్ సైనికాధికారి భార్యగా కైరో వచ్చింది. అప్పటికి ఆ గుర్రాలన్నీ ఇరవై ఏళ్లు పైబడినవే. ఎముకలు తేలి, కాళ్లు కుంటుపడి, ఇంకా బరువులు లాగుతూనే ఉన్నాయి. 1931లో ఆమె లండన్‌లోని 'మార్నింగ్ పోస్ట్' పత్రికకు ఉత్తరం రాసింది. పాఠకులు డబ్బు పంపారు. ఒక కమిటీ ఏర్పడింది. 1934 నాటికి సుమారు 5,000 గుర్రాలను యజమానుల దగ్గర కొన్నారు.

రక్షించడమంటే బతికించడమేనని మనం అనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. కొన్న గుర్రాల్లో చాలావాటికి కోలుకునే వయసు గానీ ఓపిక గానీ మిగల్లేదు. వాటికి ఇవ్వగలిగింది కొద్దిపాటి విశ్రాంతి: కింద మెత్తగా గడ్డి పరిచిన కొట్టం, కడుపునిండా మేత, నీళ్లు. మెడమీద కాడి ఉండదు. ఆ తర్వాత నొప్పి తెలియని మరణం.

ఈ పనిని మన ఇళ్లలో ఆడవాళ్లు ఎరుగుదురు. మంచం పట్టిన అత్తగారికి చివరి నెలల్లో అన్నం కలిపి పెట్టేదీ, పక్కబట్టలు మార్చేదీ, ఇక చాలని మనసులో ఒప్పుకోవాల్సి వచ్చేదీ వాళ్లే. కోలుకోరని తెలిసీ చేసే సేవ అది. అందులో చూపించడానికి ఫలితమంటూ ఏదీ ఉండదు కాబట్టి చరిత్రకెక్కదు. డొరొతీ డైరీలు రాసింది కాబట్టి ఆమె చేసిన సేవ కొంతైనా నమోదైంది. ఆ డైరీలు ఆమె పోయాక 1960లో అచ్చయ్యాయి. పుస్తకం మీద ఆమె 'మిసెస్ జెఫ్రీ బ్రూక్'. వేల గుర్రాల వీడ్కోళ్లు చూసిన మనిషి సొంత పేరు భర్త పేరు వెనక్కి వెళ్లిపోయింది.

ఆమె కరుణను ప్రశ్నించకుండా వదలడం కూడా సరికాదు. ఆ ఉత్తరం కదిలించింది 'మన సైన్యపు గుర్రాలు' అన్న అభిమానాన్ని. అమ్మిందీ సామ్రాజ్యమే, జాలిపడిందీ సామ్రాజ్యమే. ఆ గుర్రం మీదే పొట్టపోసుకునే బండివాడి పేదరికానికి ఈ లెక్కలో చోటెక్కడ? ఆమె గుర్రాలను గుంజుకోలేదు, డబ్బిచ్చి కొన్నది. అది చిన్న విషయం కాదు. అయినా ప్రశ్న తీరదు.

నా దృష్టిలో దానికి కొంత జవాబు 1934లో దొరుకుతుంది. ఆ ఏడు ఆమె కైరోలో పాత యుద్ధాశ్వాల స్మారక వైద్యశాల స్థాపించింది. పేరులో యుద్ధం ఉన్నా, గుమ్మం దాటి వచ్చినవి నగరంలోని పేదల గుర్రాలు, గాడిదలు. వైద్యం ఉచితం. సైన్యం ముద్ర ఉన్న గుర్రంతో మొదలైన జాలి, ఏ ముద్రా లేని గాడిద దాకా నడిచింది. జంతువు బాగుపడితే బండివాడి ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

డొరొతీ 1955లో చనిపోయింది. ఆమె మొదలుపెట్టిన సంస్థ 'బ్రూక్' పేరుతో ఈనాటికీ పనిచేస్తోంది, మన దేశంలో కూడా. ఆ కొట్టంలో కొన్నాళ్లు ఊరికే నిలబడి మేత తిని వెళ్లిపోయిన గుర్రాలకు మాత్రం విగ్రహాలు లేవు.